అడుగున నీళ్లు, వేళ్లకు గాలి: ఇంట్లో ఆర్కిడ్లకు సెమీ హైడ్రోపోనిక్స్

గృహప్రవేశానికో పుట్టినరోజుకో బహుమతిగా వచ్చిన ఫాలినాప్సిస్ ఆర్కిడ్ చాలా ఇళ్లలో ఒకే తీరుగా పోతుంది. వచ్చేటప్పటికి కొమ్మ నిండా పూలుంటాయి. రెండు మూడు నెలలు వాడకుండా నిలుస్తాయి. అవి రాలిపోయాక ఆకులు మెత్తబడి ముడతలు పడతాయి. నీళ్లు చాలడం లేదేమోనని ఇంకాస్త పోస్తారు. ఆకులు ఇంకా వేలాడతాయి. చివరికి ఒకరోజు మొక్కను కాస్త కదిపితే వేళ్లు లేకుండా చేతిలోకి వచ్చేస్తుంది. కుండీలో మిగిలేది నల్లబడిన మాస్ (వేళ్ల చుట్టూ నింపే ఎండు పాచి) ముద్ద, దానికి అంటుకున్న నూలుపోగుల్లాంటి ఈనెలు. మొక్క చచ్చింది దాహంతోనే. కాకపోతే నీళ్లు లేక కాదు, ఆ నీళ్లను తాగాల్సిన వేళ్లు అంతకుముందే కుళ్లిపోవడం వల్ల.

ఇలాంటి మొక్కను అడుగున ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండే కుండీలో పెట్టమంటే ఎవరైనా వింతగానే చూస్తారు. సెమీ హైడ్రోపోనిక్స్ చెప్పేది మాత్రం అదే. అమెరికాలో రే బార్కలో అనే ఆర్కిడ్ పెంపకందారు ఈ పేరును, పద్ధతిని జనంలోకి తీసుకెళ్లారు. ఇప్పుడు మన దగ్గర కూడా లీకా బాల్స్, క్లే బాల్స్, హైడ్రోటన్ అన్న పేర్లతో దీనికి వాడే కాల్చిన మట్టి బంతుల సంచులు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. చూపించే వీడియోలూ బోలెడు. వాటిలో ఇది రోజూ నీళ్లు పోసే బాధ తప్పించే చిట్కాలా కనిపిస్తుంది. అక్కడే పొరపాటు మొదలవుతుంది. ఇది నీళ్లు అందించడం కన్నా గాలి అందించడం కోసం పుట్టిన ఏర్పాటు. నీళ్ల కోసం మాత్రమే అయితే సీసాను బోర్లించి మట్టిలో గుచ్చినా పని జరుగుతుంది.

వేరు ఊపిరాడక చస్తుంది

ఆర్కిడ్లలో ఎక్కువ జాతులు చెట్ల కొమ్మల మీద పెరిగేవి. చెట్టు మీద మొలిచిన ప్రతిదాన్నీ బదనిక అనేయడం మనకు అలవాటు. అసలైన బదనిక చెట్టు రసం పీల్చి బతుకుతుంది. ఆర్కిడ్ అలా కాదు, చెట్టును పట్టుకుని వేలాడుతుంది, అంతే. వాన నీళ్లు, మంచు, బెరడు పగుళ్లలో పేరుకున్న చెత్తలోంచి కారే కాస్త సారం దానికి చాలు. ఆ బతుక్కి తగ్గట్టే దాని వేరు తయారైంది. వేరు చుట్టూ వెలమెన్ అనే స్పాంజిలాంటి పొర ఉంటుంది. ఇది చచ్చిన కణాల పొర. వాన పడితే నిమిషాల్లో తడిసి నీళ్లు పట్టేస్తుంది, తర్వాత నెమ్మదిగా లోపలికి వదులుతుంది. ఎండినప్పుడు వెండి రంగులో ఉన్న వేరు తడవగానే పచ్చగా మారడానికి కారణం కూడా ఇదే. నీళ్లు నిండిన పొరలోంచి లోపలి పచ్చదనం కనిపిస్తుంది.

ఇలా తడుస్తూ ఆరుతూ బతికేది కాబట్టి ఈ వేరుకు నిలిచిన నీళ్లు పడవని ఒక నమ్మకం స్థిరపడిపోయింది. ఆ నమ్మకంలో సగమే నిజం. ఆర్కిడ్ విత్తనం ధూళిలా ఉంటుంది, దానిలో తిండి నిల్వ ఉండదు. అడవిలో ఏదో ఒక శిలీంధ్రం తోడైతేనే మొలుస్తుంది. 1922లో లూయిస్ నడ్సన్ అనే శాస్త్రవేత్త చక్కెర కలిపిన జెల్లీ మీద శిలీంధ్రం లేకుండానే మొలిపించవచ్చని చూపించాడు. ఇవాళ మార్కెట్లోకి వచ్చే ఆర్కిడ్లలో ఎక్కువ భాగం అలాంటి సీసాల్లోనే కళ్లు తెరుస్తాయి. నెలల తరబడి వాటి వేళ్లు తడి జెల్లీలోనే ఉంటాయి, కుళ్లవు. సీసాలో సూక్ష్మజీవులు ఉండవు కాబట్టి దీన్నే పూర్తి రుజువుగా తీసుకోలేం. కానీ తడి ఒక్కటే వేరును చంపదని మాత్రం తేలిపోతుంది.

మరి చంపేదేమిటి? 25 డిగ్రీల వేడి దగ్గర లీటరు నీళ్లలో కరిగి ఉండగలిగే ఆక్సిజన్ సుమారు 8 మిల్లీగ్రాములు. లీటరు గాలిలో ఉండేది దాదాపు 270 మిల్లీగ్రాములు. అదీగాక గాలిలో కన్నా నీటిలో ఆక్సిజన్ కదలిక సుమారు పదివేల రెట్లు నెమ్మది. మాస్ ముద్దలో సందులన్నీ నీళ్లతో నిండిపోతే మధ్యలో ఉన్న వేరు తన చుట్టూ ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ వాడేసుకుంటుంది, మళ్లీ అందదు. ఊపిరాడక నీరసించిన వేరు మీద అప్పుడు బూజులూ బ్యాక్టీరియా పని మొదలుపెడతాయి. కుళ్లు అనేది చివర్లో కనిపించే లక్షణం, అసలు జబ్బు అంతకుముందే వచ్చింది.

బెరడు ముక్కలు, కొబ్బరి డొక్క, మాస్ వంటివి కొత్తగా ఉన్నప్పుడు గాలి బాగానే ఆడనిస్తాయి. ఏడాది, ఏడాదిన్నర దాటేసరికి అవి చివికి పొడవుతాయి, సందులు పూడిపోతాయి. వానాకాలంలో వరసగా వారం రోజులు ముసురు పట్టిందంటే కుండీ ఆరే అవకాశమే ఉండదు. కుళ్లని, నలగని, సందులు పూడని పదార్థం కోసం వెతుకులాట అక్కడినుంచే మొదలైంది.

దీపపు వత్తి, మంచినీళ్ల కుండ

సెమీ హైడ్రోపోనిక్స్ కుండీకి అడుగున బెజ్జాలు ఉండవు. పక్కన, అడుగునుంచి అంగుళం ఎత్తులో రెండు చిన్న బెజ్జాలు ఉంటాయి. ఏ ప్లాస్టిక్ డబ్బాకైనా వేడి చేసిన మేకుతో పెట్టేయొచ్చు. లోపల నిండా క్లే బాల్స్. పైనుంచి నీళ్లు పోస్తే ఎక్కువైనవి బెజ్జాల్లోంచి కారిపోయి అడుగున అంగుళం మేర మాత్రమే నిలుస్తాయి. ప్రమిదలో నూనెను వత్తి పైకి లాగినట్టు ఆ నీటిని బంతులు ఒకదాన్నుంచి ఒకటి పైకి లాగుతాయి. పైభాగం నుంచి నీళ్లు ఆవిరవుతుంటే కిందనుంచి మళ్లీ ఎక్కుతాయి. బంతులు గుండ్రంగా ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి ఒక్క చుక్క దగ్గరే తాకుతాయి, మధ్యలో ఖాళీలు అలాగే ఉండిపోతాయి. వేరు ఒక పక్క తడి బంతిని ఆనుకుంటుంది, మరో పక్క గాలి పీల్చుకుంటుంది. కొమ్మ మీద దొరికేది కూడా ఇదే కదా, తడిసిన బెరడు ఒకవైపు, గాలి ఒకవైపు.

ఈ బంతులు తయారయ్యే తీరు చూస్తే పేలాలు గుర్తొస్తాయి. ప్రత్యేకమైన బంకమట్టిని తిరిగే బట్టీలో సుమారు 1,200 డిగ్రీల వరకు కాలుస్తారు. లోపల పుట్టిన వాయువులు మట్టిని ఉబ్బిస్తాయి. పైన గట్టి పెంకు, లోపల బోలు బోలుగా అరలు. నిజానికి ఇవి తోటల కోసం పుట్టినవి కావు, తేలికపాటి కాంక్రీటు కోసం వాడే వస్తువు. మన మార్కెట్లో క్లే బాల్స్ పేరుతో కేవలం అలంకారానికి పనికొచ్చే నున్నటి గట్టి బంతులు కూడా అమ్ముతారు. వాటికి నీళ్లు లాగే గుణం ఉండదు. కొన్న సంచిని నమ్మేకన్నా చిన్న పరీక్ష చేయడం మేలు. పొడి బంతుల్ని గాజు గ్లాసులో నింపి అడుగున వేలెడు నీళ్లు పోసి మర్నాడు చూస్తే తడి ఎంత ఎత్తు ఎక్కిందో రంగు మారడంలోనే తెలిసిపోతుంది. అస్సలు ఎక్కకపోతే అవి ఫిష్ ట్యాంకులోకి పనికొస్తాయి, ఆర్కిడ్‌కు కాదు.

మంచి బంతులకు కూడా ఒక హద్దుంది. ఆరేడు అంగుళాలకు మించిన ఎత్తు కుండీలో పైభాగం ఎండిపోయే ఉంటుంది, ముఖ్యంగా హైదరాబాద్ లాంటి పొడి గాలిలో. పొట్టిగా, వెడల్పుగా ఉన్న కుండీ నయం. వాడే ముందు దుమ్మంతా పోయేదాకా కడిగి ఒక రాత్రి నానబెట్టి ఆ నీళ్లు పారబోయాలి. కాల్చిన మట్టిలోంచి కొంత ఉప్పు బయటికి వస్తుంది.

మట్టి లేకుండా మొక్కల్ని పెంచడం ఇవాళ్టి సంగతేం కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విలియం గెరికీ 1930లలో హైడ్రోపోనిక్స్ అన్న మాటను వాడుకలోకి తెచ్చాడు. మన దేశంలో 1946లో షోల్టో డగ్లస్ కాలింపాంగ్‌లో ఈ తరహా సాగు ప్రయోగాలు చేశాడు. కాలింపాంగ్ ఆర్కిడ్లకు పేరుపడ్డ ఊరు కావడం కాకతాళీయమే, ఆయన చూపు కూరగాయల మీద. ఆర్కిడ్లను రాళ్లలో, పెంకుల్లో పెంచడం మాత్రం మన నర్సరీలవాళ్లకు ఏనాటినుంచో తెలుసు. డెండ్రోబియం అనే ఆర్కిడ్‌ను ఇటుక ముక్కలు, బొగ్గు వేసిన కుండీలో పెట్టడం ఇప్పటికీ మామూలే. దానికి అడుగున కాస్త నీటి నిల్వ, పక్కన బెజ్జం చేర్చితే సెమీ హైడ్రోపోనిక్స్‌కు దగ్గరి చుట్టమే అవుతుంది. ఇటుక బరువు, విరిగితే పొడి రాలుతుంది, ఉప్పును ఎక్కువగా పట్టుకుంటుంది. లేకపోతే అంత తీసిపారేయాల్సిన వస్తువేం కాదు.

గాజు సీసాలో నీళ్లు పోసి వేళ్లు అందులో వేలాడదీసే పద్ధతి ఒకటి వీడియోల్లో కనిపిస్తుంది. అది వేరే పద్ధతి, దాన్ని దీనితో కలపకూడదు.

పాత వేరుకు కొత్త విద్య రాదు

ఈ పద్ధతిలోకి మార్చిన మొక్కలు చచ్చిపోయే సందర్భం దాదాపు ఎప్పుడూ ఒకటే, మార్చిన మొదటి రెండు నెలలు. మాస్‌లోనో బెరడులోనో పెరిగిన వేరు ఆ చోటుకు తగ్గట్టు తయారైపోయింది. ఆరుతూ తడుస్తూ ఉండే చోట పుట్టిన వేరును తీసి ఎప్పుడూ చెమ్మగా ఉండే చోట పెడితే అది తన తీరు మార్చుకోలేదు. కొన్నాళ్లు ఉండి పోతుంది. కొత్తగా పుట్టిన వేరు మాత్రం మొదటి రోజునుంచే ఆ తడిలో, ఆ గాలిలో పెరుగుతూ దానికి సరిపడేలా తయారవుతుంది. కాబట్టి ఈ మార్పు అనేది పాత వేళ్లను కొత్త ఇంటికి తరలించడం కాదు. పాతవి పోయేలోగా కొత్తవి వచ్చి నిలబడేలా చూసుకోవడం. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. చెబితే సంచులు అమ్ముడుపోవు మరి.

ఇది అర్థమైతే ఎప్పుడు మార్చాలన్న ప్రశ్నకు జవాబు దానంతట అదే వస్తుంది. కాండం మొదట్లో పచ్చటి, కాస్త ఎర్రటి మొనతో కొత్త వేళ్లు పొటమరించినప్పుడే మార్చాలి. ఒక సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల పొడవున్న వేరు మొన అన్నిటికన్నా మంచి దశ. మరీ పొడవైతే బంతులు సర్దేటప్పుడు మొన విరుగుతుంది. ఫాలినాప్సిస్‌లో పూల కాలం ముగిశాక కొత్త ఆకుతోపాటు వేళ్లు వస్తాయి. డెండ్రోబియంలో కొత్త పిలక నాలుగైదు అంగుళాలు లేచాక దాని మొదట్లోంచి వేళ్లు దిగుతాయి. మన వాతావరణంలో తొలకరి పడ్డాక, ఎండ తీవ్రత తగ్గిన జూన్ నెలాఖరు, జూలై నెలలు దీనికి బాగుంటాయి. గాలిలో తేమ ఉంటుంది, వెచ్చదనమూ ఉంటుంది. మే నెల ఎండల్లోనూ, డిసెంబరు చలిలోనూ చేసిన మార్పిడి చాలామటుకు నష్టమే. పూలతో ఉన్న మొక్కను అసలు ముట్టుకోకూడదు.

వేళ్ల దగ్గరున్న పాత మాస్ ఒక్క పోగు కూడా మిగలకుండా కుళాయి ధార కింద కడగాలి. మిగిలిన పోగే తర్వాత కుళ్లుకు విత్తనమవుతుంది. మొక్క వేళ్లను చేతివేళ్ల మధ్య నొక్కి చూస్తే గట్టిగా ఉన్నది బతికున్న వేరు, మెత్తగా జారిపోయి లోపలి ఈనె బయటపడితే పోయిన వేరు. పోయినవాటిని శుభ్రమైన కత్తెరతో కోసేయాలి. కోసిన చోట కొందరు దాల్చినచెక్క పొడి అద్దుతారు. అది తేమను పీల్చేస్తుంది కాబట్టి కోత మీద తప్ప వేరు పొడవునా చల్లితే మంచి వేరు కూడా ఎండుతుంది. కాండం మొదలు బంతుల పైమట్టానికి సమానంగా ఉండాలి. లోతుగా పాతితే కుళ్లు పైకి పాకుతుంది. మొక్క ఊగకుండా ఒక పుల్లకు కట్టడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, ఊగే మొక్క కొత్త వేరు మొనను రోజూ కాస్త కాస్త గీరుకుంటూ ఉంటుంది.

తర్వాత ఆరేడు వారాలు ఓపిక కావాలి. ఆకులు కాస్త వాలతాయి. నీడ, తేమ ఎక్కువ ఉన్న చోట పెట్టి, పైనున్న బంతులు ఆరకుండా రోజూ కాస్త నీళ్లు చల్లుతుండాలి. కొత్త వేరు ఇంకా అడుగు తడి దాకా దిగలేదు కాబట్టి పైన ఆరితే దానికి దిక్కు లేదు. ఎరువు ఈ దశలో వద్దు, వేసినా నామమాత్రమే. కుండీలోంచి వాసన వస్తే పాత వేళ్లు కుళ్లుతున్నాయని అర్థం. అప్పుడు కంగారుపడి మొక్కను పీకి చూడటమే పెద్ద తప్పు. నిండా నీళ్లు పోసి కడిగేస్తూ ఉంటే చాలాసార్లు సర్దుకుంటుంది. టెన్షన్ తట్టుకోలేనివాళ్లు పారదర్శకంగా ఉండే కుండీ వాడొచ్చు, వేళ్లు బయటికి కనిపిస్తుంటాయి. కాకపోతే వెలుతురు తగిలి నాచు పడుతుంది. నాచు మొక్కకు పెద్ద హాని చేయదు, చూపుకే బాగుండదు.

అసలు పరీక్ష నీళ్లది

మార్పిడి దాటిన మొక్కల్ని తర్వాతి ఏడాదిలో చంపేది ఉప్పు. పద్ధతి మంచిదే అయినా మన ఊళ్లలో ఎక్కువమంది దగ్గర ఫలించకపోవడానికి కారణం వెతికితే చివరికి బోరు నీళ్ల దగ్గరే తేలుతుంది.

కుండీ పనిచేసే సూత్రంలోనే ఈ చిక్కు ఉంది. నీళ్లు ఆవిరవుతాయి, అందులో కరిగిన లవణాలు ఆవిరి కావు. టీడీఎస్ (లీటరులో కరిగిన లవణాలు ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే కొలత) 600 ఉన్న నీళ్లు పోసి అందులో మూడొంతులు ఆవిరయ్యేదాకా వదిలేస్తే మిగిలిన పావు భాగంలో టీడీఎస్ 2,400 దగ్గరకు చేరుతుంది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన కోరదగిన హద్దే 500. మనుషులు తాగగలిగిన నీళ్లు ఆర్కిడ్ వేరుకు ఎక్కువ కావచ్చు, ఎందుకంటే అది పుట్టింది వాన నీళ్ల కోసం. పైకి ఎక్కిన నీళ్లు అక్కడ ఆవిరవుతాయి కాబట్టి ఉప్పు కూడా పైనున్న బంతుల మీదే తెల్లగా పేరుకుంటుంది. సరిగ్గా అక్కడే కొత్త వేరు మొనలు పుడతాయి. మొన నల్లబడి ఆగిపోయిన వేళ్లు, చివర్లు మాడిన ఆకులు కనిపిస్తే ఎరువు తక్కువైందని ఇంకాస్త వేస్తారు. అది మంట మీద కిరసనాయిలు.

వాన నీళ్లు పట్టి పెట్టుకోగలిగితే అంతకన్నా మంచిది లేదు. ఆర్వో నీళ్లు వాడొచ్చు. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు చాలా తక్కువ, ట్రే మురికి లేకుండా చూసుకుంటే అవీ పనికొస్తాయి. ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. నీళ్లు వృథా కాకూడదని ఆర్వో మెషీన్ బయటికి వదిలే నీళ్లను బకెట్లో పట్టి మొక్కలకు పోయడం చాలా ఇళ్లలో అలవాటు. ఆ నీళ్లలో బోరు నీళ్లకన్నా ఎక్కువ ఉప్పు ఉంటుంది. బాత్రూం కడగడానికి మంచివి. ఆర్కిడ్‌కు మాత్రం అవి విషమే.

మంచి నీళ్లు వాడినా కడగడం తప్పదు. వారానికోసారి పైనుంచి కుండీ అంచుదాకా ధారగా పోసి, బెజ్జాల్లోంచి పాత నీళ్లన్నీ వెళ్లిపోయేలా చేయాలి. తగ్గిన మేరకు నింపి ఊరుకోవడం సెమీ హైడ్రోపోనిక్స్ కాదు, ఉప్పు కాయడం. ఈ కడుగుడు మరో మేలు కూడా చేస్తుంది. నీళ్లు దిగుతున్నప్పుడు వాటి వెనకాలే పైనుంచి తాజా గాలి కుండీలోకి దిగుతుంది. ఒకరకంగా కుండీ వారానికోసారి నిండుగా ఊపిరి పీల్చుకుంటుంది.

ఎరువు విషయంలో మట్టి మొక్కల అలవాట్లు ఇక్కడ పనికిరావు. క్లే బాల్స్‌లో తిండి ఏమీ ఉండదు కాబట్టి ఇచ్చిందే తిండి. కానీ ఇచ్చేది పలచగా ఉండాలి. ఎక్కడైనా దొరికే 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ తలా 19 శాతం) లీటరుకు అర గ్రాము కలిపితే నత్రజని 95 పీపీఎం, అంటే లీటరుకు 95 మిల్లీగ్రాములు అవుతుంది. అది చాలు, పావు గ్రాముతో మొదలుపెట్టినా తప్పులేదు. అయితే ఆ ఎరువులో నత్రజని సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది. దాన్ని మొక్కకు అనువుగా మార్చే బ్యాక్టీరియా మట్టిలో ఉన్నంత సమృద్ధిగా ఈ బంతుల్లో ఉండదు. కాల్షియం అయితే అందులో అసలు లేదు. ఆర్వో నీళ్లలోనూ వాన నీళ్లలోనూ కాల్షియం దాదాపు ఉండదు కాబట్టి కొత్త ఆకుల చివర్లు నల్లబడే సమస్య వస్తుంది. మిర్చి, టమాటా రైతులు వాడే కాల్షియం నైట్రేట్ ఎరువుల దుకాణంలో దొరుకుతుంది. ఒక వారం ఇది, మరో వారం అది ఇస్తే రెండు లోట్లూ తీరతాయి. రెండింటినీ చిక్కగా ఒకే సీసాలో కలిపితే పాలు విరిగినట్టు తెల్లగా అడుక్కి దిగిపోతుంది, అందులోని కాల్షియం, భాస్వరం మొక్కకు అందవు. అమెరికాలో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం ఆర్కిడ్ల కోసం తయారుచేసిన మిశ్రమంలో ఆర్వో నీళ్లకు ఒకటి, బావి నీళ్లకు ఒకటి వేరువేరుగా ఉండటానికి ఒక కారణం కూడా నీళ్లలో ముందే ఉన్న కాల్షియం.

బియ్యం కడిగిన నీళ్లు, ఉల్లిపొట్టు నానిన నీళ్లు, జీవామృతం, పేడ నీళ్లు ఈ కుండీలో పోయకూడదు. మట్టిలో వాటికి చోటుంది. ఇక్కడ అవి అడుగు నీళ్లలో మురిగి, ఉన్న కాస్త ఆక్సిజన్‌ను తినేస్తాయి. ఇంత కష్టపడి వేరుకు సమకూర్చిన గాలి అంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఎక్కడ నప్పుతుంది, ఎక్కడ అనవసరం

మంచినీళ్ల కుండ చల్లబడే సూత్రమే ఈ కుండీలోనూ పనిచేస్తుంది. ఆవిరయ్యే నీళ్లు వేడిని లాక్కుపోతాయి, వేళ్ల చోటు గది కన్నా కొద్దిగా చల్లగా ఉంటుంది. తెలంగాణ, రాయలసీమ ఎండాకాలంలో ఇది వరమే. అదే ఎండలో కుండీని నేరుగా ఎండ తగిలే బాల్కనీలో పెడితే మాత్రం కథ తిరగబడుతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, వేరుకు అవసరమయ్యే ఆక్సిజన్ పెరుగుతుంది. ఫాలినాప్సిస్‌కు తూర్పు కిటికీ వెలుగు చాలు.

చలికాలంలో ఈ చల్లదనమే శాపం. హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రులు 15 డిగ్రీల కిందికి దిగినప్పుడు తడి కుండీలో వేళ్లు ఇంకా చల్లబడతాయి. ఫాలినాప్సిస్ పూల కొమ్మ వేయడానికి కొన్ని వారాలు చల్లటి రాత్రులు కావాలి, నిజమే. కానీ ఆ చల్లదనం 20 డిగ్రీల పరిసరాల్లో ఉండాలి, ఆకుకు తగలాలి, వేళ్లు గడ్డకట్టుకుపోయేలా కాదు. గదిలోకి మార్చి, గోరువెచ్చని గది నీళ్లు పోస్తే సరిపోతుంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల ఇళ్లలో ఇది మరో రూపంలో ఎదురవుతుంది. హీటర్ వల్ల గాలి పొడిబారి ఆవిరి ఎక్కువవుతుంది, కిటికీ అద్దం పక్కన కుండీ మంచులా ఉంటుంది. అక్కడ కుండీ కింద వెచ్చటి మ్యాట్ వేసేవాళ్లు ఉన్నారు.

కోస్తాలో సంగతి వేరు. కోనసీమలోనో కాకినాడలోనో గాలిలోనే తేమ ఉంది. అక్కడ డెండ్రోబియం ఇటుక ముక్కలు, బొగ్గు మధ్య చూరుకు వేలాడుతూ హాయిగా పూస్తుంది. కడియం నర్సరీకి వెళ్లి వచ్చినవాళ్లెవరికైనా ఇది కళ్లారా తెలుసు. అక్కడ ఈ బంతులు, నీటి నిల్వ తెచ్చిపెట్టుకోవడం శ్రమే తప్ప ఫలితంలో పెద్ద తేడా ఉండదు. ఈ పద్ధతి ఎక్కువ ఉపయోగపడేది పొడి గాలి ఉన్న మెట్ట నగరాల్లో, అపార్ట్‌మెంట్ గదుల్లో, వారంలో రెండు రోజులు ఊళ్లో ఉండనివాళ్లకు.

మొక్కల్లో కూడా అన్నీ దీనికి రావు. ఫాలినాప్సిస్, ఆన్సిడియం, చెప్పు ఆకారం పూల పాఫియోపెడిలం బాగా అలవాటు పడతాయి. దక్షిణ అమెరికా వాగుల ఒడ్డున పెరిగే ఫ్రాగ్మిపీడియంకైతే ఇది పుట్టింటి లాంటిది. డెండ్రోబియంలో గట్టి కాండం రకాలు పర్లేదు. చలికాలంలో నీళ్లు దాదాపు మానేస్తేనే పూసే నోబిలే రకాలకు ఎప్పుడూ తడి ఉండే కుండీ అడ్డంకే. వాండాలను అసలు ఇందులోకి తేవద్దు. మామిడి చెట్ల మీద కనిపించే మన గళ్ల వాండాను 1795లో ప్రచురించిన కోరమాండల్ తీర మొక్కల వర్ణనల్లో విలియం రాక్స్‌బర్గ్ లోకానికి పరిచయం చేశాడు, ఆయన సామర్లకోటలో ఏళ్ల తరబడి పనిచేసినవాడు. ఆ మొక్క వేళ్లు గాలిలో వేలాడుతూ తడిసి వెంటనే ఆరాలి. దాన్ని తెచ్చి బంతుల్లో పాతిపెట్టడం ఈతగాడిని గోనెసంచిలో కట్టేయడం లాంటిది. అడవిలో చెట్ల మీదనుంచి ఆర్కిడ్లు ఊడదీసుకురావడం ఎలాగూ తప్పే. అలా తెచ్చిన ముదురు మొక్క పాత వేళ్లతోనే వస్తుంది కాబట్టి ఈ పద్ధతిలో అది బతకడం కూడా అనుమానమే.

దోమల భయం చాలామంది అడుగుతారు. కుండీలో నీళ్లు బంతుల కింద మరుగున ఉంటాయి కాబట్టి దోమ గుడ్లు పెట్టడం కష్టం. ప్రమాదమంతా అందం కోసం కుండీని పెట్టే పింగాణీ తొట్టిలోనూ, కింద పళ్లెంలోనూ ఉంది. బెజ్జాల్లోంచి కారిన నీళ్లు అక్కడ తేటగా నిలుస్తాయి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా పది రోజులు చాలు. వారానికోసారి కడిగేటప్పుడే పళ్లెం కూడా బోర్లిస్తే ఆ గొడవ ఉండదు.

ఏడాది గడిచాక మొక్కను పెద్ద కుండీలోకి మార్చాల్సి వస్తే మొదటిసారి పడ్డ పాట్లేవీ ఉండవు. కుండీని బోర్లించి తడితే వేళ్లూ బంతులూ ఒకే ముద్దగా బయటికి వస్తాయి. వేరు బంతిని ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే విడదీయబోతే తొక్క ఊడి వస్తుంది. విడదీయాల్సిన పనే లేదు. ఆ ముద్దను అలాగే పెద్ద కుండీలో దించి, చుట్టూ కొత్త బంతులు పోసి, అంచుదాకా ఒకసారి నీళ్లు నింపి వదిలేస్తే, వేళ్లకు కుండీ మారిన సంగతే తెలియదు.